ఊయలలో గొర్రె: ‘సెకండ్ షెపర్డ్స్ ప్లే’ చదువుతూ నాటక పదాలు నేర్చుకోవడం ఎలా

గొర్రెను దొంగిలించి, పొత్తిగుడ్డల్లో చుట్టి, ఊయలలో పడుకోబెట్టి, ‘మా ఆవిడ ఇప్పుడే నీళ్లాడింది, గట్టిగా అరవకండి’ అని వెతకడానికి వచ్చినవాళ్లనే దబాయించే దొంగ కథ ఇది. అదే నాటకం బేత్లెహేములో పసిబిడ్డ యేసు ముందు మోకరిల్లడంతో ముగుస్తుంది. దీని పేరు ‘ద సెకండ్ షెపర్డ్స్ ప్లే’. ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని వేక్‌ఫీల్డ్ ఊరితో ముడిపడిన నాటకం. రాసిందెవరో తెలియదు. పండితులు ఆయన్ను ‘వేక్‌ఫీల్డ్ మాస్టర్’ అని పిలుచుకుంటారు. ఇంగ్లిష్ సాహిత్యం తీసుకున్న విద్యార్థులకు మధ్యయుగ నాటకం రుచి చూపించాలంటే చాలామంది అధ్యాపకులు ముందు తీసేది దీన్నే.

మోనోలాగ్, సాలిలక్వీ, డ్రమటిక్ ఐరనీ, ఫార్స్ లాంటి మాటలకు నిర్వచనాలు కాగితం మీద రాసుకుని బట్టీ పట్టడం మామూలుగా జరిగే పని. పరీక్ష హాల్లో నిర్వచనం గుర్తొస్తుంది, ఉదాహరణ మాత్రం నాలుక చివరే ఉండిపోతుంది. దీన్ని తిరగేసి చేయండి. ముందు నాటకంలో చోటు పట్టుకోండి, తర్వాత దానికి పేరు పెట్టండి. ఇందుకు నాటకాన్ని మూడుసార్లు చదవాలి. ఒక్కోసారికి గంటన్నర పెట్టుకుంటే సరిపోతుంది. రెండు రంగుల పెన్సిళ్లు, ఒక నోట్‌బుక్ దగ్గర ఉంచుకోండి.

ముందు ఏ ప్రతి చదువుతున్నారో చూసుకోండి

ఈ నాటకం ‘టౌన్‌లీ’ రాతప్రతిలో ఉంది. ఇప్పుడా ప్రతి అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్ మరీనోలో ఉన్న హంటింగ్టన్ లైబ్రరీలో భద్రంగా ఉంది. ఆ ప్రతిలోని 32 నాటకాలు సృష్టి మొదలు అంతిమ తీర్పు దాకా బైబిల్ కథను వరుసగా చెబుతాయి. అందుకే ఇలాంటి వరుసను ‘సైకిల్’ అంటారు, అందులోని ఒక్కో నాటకాన్ని ‘పేజెంట్’ అంటారు. కాపరుల మీద అందులో రెండు నాటకాలున్నాయి, ఇది రెండోది. ‘సెకండ్’ అన్న మాటకు అంతకుమించి అర్థం లేదు. రెండో భాగమనో, ఇద్దరు కాపరుల కథ అనో అనుకుని జవాబు మొదలుపెట్టేవాళ్లున్నారు. మొదటి వాక్యంలోనే మార్కులు జారిపోయే తప్పు అది.

ఇక పంక్తుల లెక్క. దీన్ని తేల్చుకోకుండా ముందుకెళ్తే చివరిదాకా ఇబ్బందే. నాటకంలో 84 స్టాంజాలు, అంటే పద్యఖండాలు, ఉన్నాయి. పాత పద్ధతిలో అచ్చువేసిన పుస్తకాల్లో ఒక్కో స్టాంజాకు తొమ్మిది పంక్తులు: నాలుగు పొడుగువి, తర్వాత ఒక పొట్టిది, మళ్లీ మూడు, చివర ఇంకో పొట్టిది. ఆ లెక్కన 756 రావాలి, కానీ రెండు పంక్తులు తక్కువగా ఉన్నాయి కాబట్టి నాటకం మొత్తం 754 పంక్తులు. అయితే ఆ నాలుగు పొడుగు పంక్తుల్లో నడిమధ్య కూడా ప్రాస పడుతుంది. అందుకని కొందరు సంపాదకులు ఒక్కోదాన్ని రెండుగా విరిచి, స్టాంజాను పదమూడు పంక్తులుగా వేశారు. అప్పుడు లెక్క వెయ్యి దాటిపోతుంది. మీ పుస్తకం ఒక పద్ధతిలో, మీరు చదివే విమర్శ వ్యాసం ఇంకో పద్ధతిలో ఉంటే అందులో చెప్పిన పంక్తి మీకు ఎక్కడా దొరకదు. చేయాల్సింది తేలికే. మొదటి స్టాంజా పంక్తులు లెక్కపెట్టి తొమ్మిదో, పదమూడో పుస్తకం అట్ట లోపల రాసుకోండి. అంచుల్లో 1 నుంచి 84 దాకా స్టాంజా సంఖ్యలు వేసుకోండి. ఏ పద్ధతిలో అచ్చువేసినా స్టాంజా సంఖ్య మారదు. ఈ వ్యాసంలో చెప్పే పంక్తులు 754 లెక్కలోవి.

భాష ఉత్తరాది మిడిల్ ఇంగ్లిష్, అంటే మధ్యయుగపు ఇంగ్లిష్. మొదటిసారికి ఆధునిక ఇంగ్లిష్‌లోకి మార్చిన ప్రతి చదవడంలో తప్పేమీ లేదు. రెండోసారికి మాత్రం మూలాన్ని పక్కన పెట్టుకోండి. కొన్ని హాస్యాలు మార్చిన ప్రతిలో ఆవిరైపోతాయి. గొర్రెల దొంగ మాక్ యాస అలాంటిదే, దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

పాత్రల చీటీ

మాట్లాడేవాళ్లు ఏడుగురే. ముగ్గురు కాపరులు, మాక్, అతని భార్య గిల్, దేవదూత, మరియ. చిక్కల్లా కాపరుల పేర్లతోనే. మాట ఎవరిదో చెప్పేచోట ‘మొదటి కాపరి, రెండో కాపరి, మూడో కాపరి’ అని మాత్రమే ఉంటుంది. పేర్లు వాళ్లలో వాళ్లు పిలుచుకున్నప్పుడు బయటికొస్తాయి. మొదటివాడు కోల్, రెండోవాడు గిబ్, మూడోవాడు డా. డా కుర్రవాడు, జీతానికి ఉన్నవాడు. ఈ మూడు పేర్లు ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి. డా అందరికన్నా చిన్నవాడనీ, జీతగాడనీ మరిచిపోతే ఊయల దగ్గర జరిగేదాని బరువు సగం తగ్గిపోతుంది.

మొదటి పఠనం: ఎవరు ఎక్కడున్నారు

ఈ నాటకానికి అంకాలు లేవు, రంగాలు లేవు. అంకం అంటే యాక్ట్, నాటకంలో పెద్ద విభాగం. రంగం అంటే సీన్, చోటో సమయమో మారితే మారేది. మీ పుస్తకంలో ‘సీన్ 1’ అని కనిపిస్తే అది సంపాదకుడు వేసింది, మూలంలో లేదు. రంగస్థల సూచనలదీ అదే కథ. రాతప్రతిలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, అవీ లాటిన్‌లో. మాక్ అంగీ మీద పైవస్త్రం కప్పుకుని వస్తాడని ఒకటి, కాపరులు నిద్రపోతుండగా లేస్తాడని ఒకటి, దేవదూత ‘గ్లోరియా’ అనే లాటిన్ స్తుతిగీతం పాడుతుందని ఒకటి. బ్రాకెట్లలో కనిపించే మిగతావి చాలావరకు తర్వాతివాళ్లు చేర్చినవి. వాటిని రచయిత మాటలుగా జవాబులో ఎత్తి రాయకండి.

కాబట్టి విభజన మీరే చేసుకోవాలి. నోట్‌బుక్‌లో ఒక పేజీ మీద మూడు గళ్లు గీయండి: బీడు, మాక్ ఇల్లు, బేత్లెహేము. చదువుతూ ఎవరు ఏ గడిలో ఉన్నారో బాణం గుర్తులతో వేసుకుంటూ పోండి. మీ పేజీ ఇంచుమించు ఇలా రావాలి.

1 నుంచి 189 దాకా బీడు మీద. కోల్, గిబ్, డా ఒకరి తర్వాత ఒకరు వచ్చి గోడు వెళ్లబోసుకుంటారు, చివర ముగ్గురూ కలిసి పాడతారు. 190లో మాక్ ప్రవేశం. అతన్ని నమ్మరు కాబట్టి తమ మధ్యలో పడుకోబెట్టుకుంటారు. వాళ్లు నిద్రపోగానే అతను లేచి, మంత్రం వేసి, గొర్రెను ఎత్తుకుని ఇంటికి పోతాడు. అక్కడ గిల్ రాట్నం ముందు కూర్చుని ఉంటుంది. దీన్ని ఊయలలో దాచి బిడ్డ పుట్టిందని చెబుదాం అనే ఉపాయం ఆమెదే. మాక్ మళ్లీ బీడుకు వచ్చి, ఏమీ ఎరగనట్టు వాళ్ల మధ్య పడుకుంటాడు. తెల్లవారాక లేచి ఇంటికి పోతాడు. గొర్రె పోయిందని తెలిసి కాపరులు అతని ఇంటికి వస్తారు. సోదా, బయటికి వెళ్లడం, తిరిగి రావడం, గుట్టు రట్టవడం, శిక్ష. మళ్లీ బీడు, నిద్ర. 638లో దేవదూత. ఆ తర్వాత బేత్లెహేము.

ఇక్కడ ఒక్క లెక్క చూడండి. దేవదూత నోరు విప్పేది 72వ స్టాంజాలో. అంటే 84లో 71 స్టాంజాలు దాటేదాకా క్రిస్మస్ జాడే లేదు. మరి దీన్ని క్రిస్మస్ నాటకం అని ఎందుకంటున్నాం? ఈ ప్రశ్నను పేజీ పైభాగంలో పెద్దగా రాసుకోండి. పరీక్షలో పదిహేను మార్కుల ప్రశ్న ఏ రూపంలో వచ్చినా లోపల ఉండేది ఇదే.

రెండో పఠనం: పదాలు

మోనోలాగ్‌తో మొదలుపెట్టండి. ఒకే పాత్ర ఆగకుండా చాలాసేపు మాట్లాడితే అది మోనోలాగ్, ఏకపాత్ర భాషణ. పక్కన వినేవాళ్లున్నా సరే, లేకపోయినా సరే. అదే మాట ఎవరూ వినడం లేదనుకుని, మనసులోది పైకి చెప్పుకుంటే సాలిలక్వీ, మన నాటకాల్లో స్వగతం. కోల్ తొలి ప్రసంగం ఆరు స్టాంజాలు, 54 పంక్తులు. చలికి చేతులు కొంకర్లు పోయాయని, పన్నులతో నడ్డి విరిగిందని, పెద్దింటివాళ్ల అండ చూసుకుని వాళ్ల మనుషులు రైతు బండీ నాగలీ కూడా లాక్కుపోతున్నారని మొత్తుకుంటాడు. ఒంటరిగా ఉన్నాడు కాబట్టి ఇది స్వగతమూ అవుతుంది. తర్వాత గిబ్ వస్తాడు. కోల్‌ను గమనించడు. పెళ్లయిన మగాళ్ల పాట్లు ఏకరువు పెడతాడు. తన భార్య ముల్లుకంపలా గరుకని, తిమింగలమంత ఉంటుందని వర్ణిస్తాడు. కానీ మధ్యలో ‘పెళ్లికి ఉబలాటపడే కుర్రాళ్లూ, జాగ్రత్త’ అంటాడు. ఆ కుర్రాళ్లు వేదిక మీద లేరు, ఎదురుగా నిలబడి చూస్తున్న జనంలో ఉన్నారు. ఆ ఒక్క పంక్తి దగ్గర స్వగతం కాస్తా ప్రేక్షకులతో నేరుగా మాట్లాడటంగా మారిపోయింది. ఒకే ప్రసంగంలో రెండూ ఉండొచ్చని చూపడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ఇంకో మెలిక ఉంది. కాపరులు నిద్రపోయాక మాక్ లేచి ‘మందలోకి జొరబడటానికి ఇదే సమయం’ అనుకుంటాడు. వేదిక మీద నలుగురున్నారు. అయినా అది స్వగతమే, ఎందుకంటే మిగతా ముగ్గురికీ వినపడదు. ‘వేదిక మీద ఒక్కరే ఉంటే స్వగతం’ అన్న నిర్వచనం ఇక్కడ పనికిరాదు. వినేవాళ్లు లేరన్నదే కొలబద్ద. మెలకువగా ఉన్నవాళ్ల పక్కనే నిలబడి, వాళ్లకు వినపడదన్నట్టు చిన్న మాట అంటే అది ‘అసైడ్’. మన పాత అచ్చు నాటకాల్లో ‘(స్వగతము)’, ‘(ప్రకాశము)’, ‘(జనాంతికము)’ అని ప్రతిచోటా గుర్తు వేసి ఉండేది, చదివేవాడికి వెతుక్కునే పని ఉండేది కాదు. ఈ నాటకంలో ఆ వెసులుబాటు లేదు. మీరే పెన్సిల్‌తో ‘స్వ’, ‘ప్రే’, ‘అ’ అని అంచున వేసుకోవాలి. ప్రేక్షకులతో అన్నదానికి ‘ప్రే’.

మాక్ ప్రవేశం దగ్గర వేషం, యాస చూడండి. ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన గొర్రెల దొంగ అతను. అలాంటివాడు పైవస్త్రం కప్పుకుని, రాజుగారి మనిషినంటూ దక్షిణాది ఇంగ్లిష్ దంచుతాడు. ‘నేను’ అనడానికి ఉత్తరాది రూపం వదిలేసి ‘ఇచ్’ అంటాడు. మన ఊళ్లో రోజూ చూసే మనిషే వచ్చి ‘నేను సెక్రటేరియట్ నుంచి వస్తున్నాను, దారి విడువుము’ అని గ్రాంథికం మాట్లాడితే ఎలా ఉంటుందో అలా. ఆ దక్షిణాది పన్ను పీకి పారెయ్యమంటూ కాపరులు బూతు కలిపి మరీ తిడతారు. ఆధునిక ప్రతిలో యాస తేడా పోయిందంటే ఈ తిట్టు ఎందుకో అర్థం కాదు. ఇక్కడ నేర్చుకోవలసిన మాట ‘డైలెక్ట్’. పాత్ర ఎక్కడిదో, ఏమని చెప్పుకుంటోందో భాషతోనే చూపడం. పడుకునే ముందు అతను చెప్పే లాటిన్ ప్రార్థన కూడా గుర్తు పెట్టుకోండి. ‘నీ చేతులకు అప్పగించుకుంటున్నాను’ అని దేవుడితో అనాల్సింది పోయి, యేసుకు సిలువ శిక్ష వేసిన పొంతి పిలాతు పేరు చెబుతాడు, పైగా లాటిన్‌నూ పాడుచేస్తాడు. గంభీరమైనదాన్ని అనుకరిస్తూ వంకర చేయడం ‘పారడీ’.

వ్యంగ్యం, అంటే ఐరనీ, దగ్గర విద్యార్థులు ఎక్కువగా తడబడతారు. పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలిసి ఉంటే డ్రమటిక్ ఐరనీ, నాటకీయ వ్యంగ్యం. అన్నమాటకు లోపల ఇంకో అర్థం పెట్టుకుని అంటే వెర్బల్ ఐరనీ, మాటలోని వ్యంగ్యం. సోదా జరుగుతుండగా గిల్ ఒక ఒట్టు వేస్తుంది: ‘మిమ్మల్ని నేను ఎప్పుడైనా మోసగించి ఉంటే, ఈ ఊయలలో ఉన్న బిడ్డను నేనే తినేస్తాను’. కాపరులకు అది తల్లి వేసిన ఘోరమైన ఒట్టు. ఆమెకూ మనకూ తెలుసు, ఆమె నిజంగానే తినబోతోందని. ఆమె వైపు నుంచి చూస్తే మాటలోని వ్యంగ్యం, కాపరుల వైపు నుంచి చూస్తే నాటకీయ వ్యంగ్యం. ఒకే వాక్యానికి రెండు పేర్లు ఎందుకు పడుతున్నాయో జవాబులో చెప్పగలిగితే పదం మీకు వచ్చినట్టే.

ఎక్కువమంది చేసే మరో పొరపాటు: డా నిద్రలేచి, మాక్ తోడేలు తోలు కప్పుకున్నట్టు, ఉచ్చు వేసి బలిసిన గొర్రెను పట్టినట్టు కల వచ్చిందంటాడు. దీన్ని ‘ఫోర్‌షాడోయింగ్’, అంటే రాబోయేదానికి ముందస్తు సూచన, అని రాస్తారు. మీ బాణాల పేజీ చూసుకోండి. అప్పటికే దొంగతనం జరిగిపోయింది, గొర్రె ఊయలలో ఉంది. జరిగిపోయినదాన్ని కలగా చెబుతుంటే పక్కనున్న గిబ్ కొట్టిపారేస్తాడు. అది నాటకీయ వ్యంగ్యమే. మొదటి పఠనంలో వేసిన బాణాలు అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

ఊయల దగ్గర ఆగండి

ఫార్స్ అంటే ప్రహసనం. వేషాలు, దాచడాలు, పట్టుబడతారేమోనన్న కంగారు, శరీరంతో చేసే హాస్యం కలిసిన రకం. వీరేశలింగం ప్రహసనాలు తెలిసిన తెలుగువాళ్లకు మాట కొత్తది కాదు. సోదా భాగం మొత్తం ప్రహసనమే. గిల్ బాలింతలా నటిస్తూ మూలుగుతుంటుంది, మాక్ అపస్వరంలో జోలపాట పాడుతుంటాడు, కాపరులు ఇల్లంతా గాలిస్తారు, ఏమీ దొరకదు. క్షమాపణ చెప్పుకుని బయటికి నడుస్తారు.

ఇక్కడితో మాక్ గెలిచాడు. ఈ క్షణాన్ని నాలుగుసార్లు చదవండి. వాకిట్లోకి వచ్చాక కోల్ అడుగుతాడు: ‘బిడ్డకు ఏమైనా ఇచ్చారా?’ గిబ్ అంటాడు: ‘కానీ కూడా ఇవ్వలేదు’. డా వెనక్కి పరుగెడతాడు, ఆరు పెన్నీలు ఇస్తానంటాడు. జీతం సరిగా ఇవ్వరని, తిండి ఆలస్యంగా పెడతారని నాటకం మొదట్లో ఏడ్చింది ఈ కుర్రాడే. పసిబిడ్డను చూడబోతూ వట్టి చేతులతో వెళ్లకూడదన్న మర్యాద మనకూ తెలిసిందే. ముద్దు పెట్టుకుందామని గుడ్డ పైకెత్తుతాడు. ‘ఇదేమిటి దయ్యం, వీడి మూతి ఇంత పొడుగుంది!’ చెవి మీది గుర్తు చూసి అది తన గొర్రేనని పోల్చుకుంటాడు. మాక్ బిడ్డ ముక్కు విరిగిందంటాడు, గిల్ అర్ధరాత్రి పన్నెండు కొట్టేవేళ దయ్యాలు బిడ్డను మార్చేశాయంటుంది.

పట్టుకోవలసింది ఇది. కోపంతో చేసిన సోదాలో దొరకని గొర్రె, ప్రేమతో ఇవ్వబోయిన కానుక వల్ల దొరికింది. తెలియనిది తెలిసిపోయే ఇలాంటి క్షణాన్ని ‘రికగ్నిషన్’ అంటారు, అరిస్టాటిల్ మాటలో ‘అనాగ్నోరిసిస్’. గొర్రె కథకు పతాక సన్నివేశం, క్లైమాక్స్, ఈ గుడ్డ ఎత్తడమే. దేవదూత రావడాన్ని కొందరు ‘డియూస్ ఎక్స్ మాకినా’ అని రాస్తారు. చిక్కుముడిని దైవం ఊడిపడి విప్పేస్తే ఆ మాట పనికొస్తుంది. ఇక్కడ ముడి అప్పటికే విడిపోయింది, విప్పినవాళ్లు మనుషులే.

శిక్ష కూడా చూడండి. గొర్రెల దొంగకు ఉరి పడొచ్చని గిల్ ముందే భయపడింది. కాపరులు అంత దూరం పోరు. అతన్ని కాన్వాసు గుడ్డలో వేసి ఎగరేసి వదిలేస్తారు. చేతులు నొప్పి పుట్టి, అలసిపోయి నేల మీద వాలతారు. దేవదూత వినపడేది అప్పుడే. కానుక ఇవ్వబోయి, తర్వాత క్షమించి, ఆ తర్వాత కదా గ్లోరియా విన్నారు అని వరుస చూపిస్తే, పైన రాసుకున్న పెద్ద ప్రశ్నకు సగం జవాబు వచ్చినట్టు.

మూడో పఠనం: రెండు ఊయలలు పక్కపక్కన

మిగతా సగం కోసం కొత్త పేజీ తీసి నడుమ గీత గీయండి. ఎడమన మాక్ ఇల్లు, కుడిన బేత్లెహేము. ఎడమన ఊయలలో బిడ్డగా నటించిన గొర్రె, కుడిన ‘దేవుని గొర్రెపిల్ల’ అని యోహాను సువార్త పిలిచిన బిడ్డ. ఎడమన దొంగ పురుడు, కుడిన మరియ. ఎడమన అపస్వరపు జోల, కుడిన దేవదూత పాట. ఆ పాటలోని స్వరాల నిడివి గురించి కాపరులు నిపుణుల్లా చర్చించి, తామూ పాడబోతారు. ఎడమన ఆరు పెన్నీలు, కుడిన మూడు కానుకలు. కథలో రెండు పోగులు ఇలా ఒకదానికొకటి అద్దం పడితే దాన్ని ‘పారలల్ ప్లాట్’ అంటారు. తెలుగులో చదువుకునేవాళ్లకు ఇక్కడ ఒక లాభం కలిసొచ్చింది. లూకా సువార్త తెలుగులో శిశువును చుట్టింది పొత్తిగుడ్డలతో, పెట్టింది పశువుల తొట్టిలో. తెలంగాణలో ఊయలను తొట్టెల అంటారు. నాటకం అంత కష్టపడి కలిపిన రెండు వస్తువులు మన మాటల్లో ముందే పక్కపక్కన ఉన్నాయి.

కానుకలను విడిగా రాసుకోండి. కోల్ చెర్రీ పండ్ల గుత్తి ఇస్తాడు, గిబ్ పిట్టను ఇస్తాడు, డా బంతి ఇచ్చి టెన్నిస్ ఆడుకోమంటాడు. చలికాలంలో చెర్రీలు దొరకడమే అద్భుతమని, పిట్ట పరిశుద్ధాత్మకు, బంతి రాజులు చేతపట్టే గోళానికి గుర్తని విమర్శకులు చెబుతారు. ఒక వస్తువు తనను మించిన అర్థాన్ని మోస్తే అది ‘సింబల్’, ప్రతీక. కానీ నాటకంలో ఆ అర్థాలు ఎవరూ నోరు తెరిచి చెప్పరు, కాబట్టి ‘అని భావిస్తారు’ అని రాయండి. పల్లెటూరి మనుషులు చంటిపిల్లాడికి ఇవ్వగలిగిన ఆటవస్తువులు అవి అన్న మొదటి అర్థాన్ని వదిలేయకండి. నా మటుకు నాకు గోళం కన్నా బంతే ఎక్కువ.

బేత్లెహేము కాపరులు క్రీస్తు పుట్టకముందే క్రీస్తు సిలువ మీద, సెయింట్ నికొలస్ మీద ఒట్లు వేయడం ఏమిటి, వేక్‌ఫీల్డ్ పక్కనున్న హార్బరీ పొదలన్నీ వెతికామనడం ఏమిటి అని విద్యార్థులు అడుగుతారు. కాలం పొసగని ఇలాంటివాటిని ‘అనాక్రనిజం’ అంటారు. ఇది రచయిత తెలియక చేసిన తప్పని రాస్తే నాటకం చేజారినట్టే. చూస్తున్న యార్క్‌షైర్ జనం చలి, పన్నులు, జీతగాళ్ల బాధ వేదిక మీదికి తెచ్చి, వాళ్లనే నాలుగు అడుగుల్లో బేత్లెహేముకు నడిపించడం దాని పని. మన తోలుబొమ్మలాటలో రామాయణం నడుమ జుట్టుపోలిగాడు, కేతిగాడు, బంగారక్క దూరి ఊరి సంగతులు మాట్లాడితే ఎవరూ కాలం తప్పిందనరు కదా. అయితే తేడా కూడా చెప్పండి. బంగారక్క వచ్చి వెళ్లినా రాముడి కథ మారదు, మాక్‌నూ గిల్‌నూ తీసేస్తే ఈ నాటకం కూలిపోతుంది. అందుకే వీళ్ల భాగాన్ని ‘కామిక్ రిలీఫ్’ అనడం సరికాదు. బరువైన కథ మధ్య కాసేపు ఊపిరి తీసుకోవడానికి పెట్టేది కామిక్ రిలీఫ్. నాటకంలో సగానికి పైగా ఆక్రమించినదాన్ని ఆ పేరుతో పిలవలేం.

జవాబు రాసేటప్పుడు

నాటకం నేపథ్యానికి మూడు నాలుగు వాక్యాలు చాలు. వేక్‌ఫీల్డ్ నాటకాలను ‘కార్పస్ క్రిస్టీ ప్లే’ అనేవారు, కార్పస్ క్రిస్టీ అంటే ఎండాకాలంలో వచ్చే చర్చి పండుగ. 1576లో పెంతెకొస్తు (ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పండుగ) వారంలో ప్రదర్శించబోతుంటే తండ్రిని, కుమారుణ్ణి, పరిశుద్ధాత్మను వేషంలో చూపకూడదని యార్క్‌లోని చర్చి అధికారులు ఆదేశం పంపారు. డిసెంబరు చలి నిండిన ఈ నాటకం ఆడింది ఎండాకాలం పండుగలోనన్నమాట. చక్రాల బండ్ల మీద ఆడారని యార్క్ గురించి నిస్సంకోచంగా రాయొచ్చు. వేక్‌ఫీల్డ్ విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు, కాబట్టి ఖాయంగా రాయకండి.

కథ చెప్పుకుంటూ పోవద్దు. పరిశీలకుడికి కథ తెలుసు. ఒక్కో పేరాకు ఒక చోటు, ఆ చోటుకు పేరు, ఆ పేరు ఎందుకు పడుతుందో ఒక వాక్యం. పదిహేను మార్కులకు ఇలాంటివి ఐదు చాలు: కోల్ గోడు, మాక్ స్వగతం, గిల్ ఒట్టు, గుడ్డ ఎత్తడం, కానుకలు. మూలంలోంచి ఒక్కో చోట ఒక పంక్తి చొప్పున, వెనక స్టాంజా సంఖ్యతో కంఠతా పెట్టుకోండి.

తరగతిలోనో చర్చిలోనో వేయాలనుకుంటే

ముందు కూర్చుని చదివించండి. ఏడుగురు పాత్రలకు, లాటిన్ సూచనల తెలుగు చదవడానికి ఎనిమిదో మనిషి. చర్చి యువజనులు క్రిస్మస్‌కు వేసేటట్టయితే నిడివి తగ్గించాల్సి వస్తుంది. మొదటి మూడు గోడుల్లోంచి తీయండి, ఒక్కొక్కరికి రెండు స్టాంజాలు ఉంచితే సరిపోతుంది. బూతు తిట్టు ఎలాగూ మార్చుకుంటారు. సోదాలోంచీ, వెనక్కి తిరిగి రావడంలోంచీ మాత్రం ఒక్క మాటా తీయకండి.

సామగ్రి, రంగస్థల భాషలో ‘ప్రాప్స్’, తక్కువే: రాట్నమో కదురో, ఊయల, గొర్రె, పైవస్త్రం, గట్టి దుప్పటి, పండ్లు, పిట్ట, బంతి. ఒకే ఊయలను పైగుడ్డ మార్చి బేత్లెహేములో కూడా వాడొచ్చు. మూలంలో అలా లేదు, కానీ రెండు ఊయలల పోలిక మాట ఖర్చు లేకుండా జనానికి అందుతుంది. దుప్పటిలో మనిషిని ఎగరేయకండి, పట్టు తప్పితే మెడ విరుగుతుంది. గడ్డి నింపిన బొమ్మకు మాక్ పైవస్త్రం తొడిగి ఎగరేయండి, మాక్ వేషధారి పక్కన నిలబడి కేకలు పెడితే చాలు. గొర్రెకు మెత్తటి బొమ్మ చాలు, మూతి మాత్రం పొడుగ్గా ఉండాలి. మాక్ తెచ్చేటప్పుడు ఆ మూతి జనానికి ఒకసారి స్పష్టంగా కనపడాలి, లేకపోతే తర్వాతి నవ్వులేవీ పుట్టవు. తెర వెనక నుంచి ‘మే’ అని అరిపించాలని ఎవరికో ఒకరికి తప్పకుండా తోస్తుంది. వద్దనండి. ఆ అరుపు వినపడితే కాపరులు సోదాలోనే పట్టుకోవాలి, అప్పుడు డా వెనక్కి తిరిగి రావడానికి కారణమే ఉండదు.